మలేరియా మందు పరాన్నజీవి మీద పనిచేస్తోందో లేదో ల్యాబ్‌లో ఎలా తేలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు పడ్డాయంటే మందస, మెళియాపుట్టి కొండల నుంచి సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు దాకా జ్వరాల కాలం మొదలవుతుంది. 2022లో జిల్లాలు విడిపోయి మన్యం మండలాలు పార్వతీపురం కింద చేరాయి కానీ, జ్వరం వస్తే జనం ఇప్పటికీ శ్రీకాకుళానికో విజయనగరానికో వస్తూనే ఉన్నారు. ఇక్కడ లైఫ్ సైన్సెస్ చదివే పిల్లలు, ఆశా కార్యకర్తలు, ల్యాబ్ టెక్నీషియన్లు మలేరియా మందుల గురించి అడిగే ప్రశ్నలకు తీరిగ్గా జవాబు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఏ పరీక్ష దేనికి జవాబో తెలియక చాలామంది పొరబడుతున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రోగికి జ్వరం తగ్గిందా లేదా చూస్తే చాలదా? మళ్లీ ల్యాబ్‌లో పరీక్ష ఎందుకు?

జ్వరం తగ్గడానికి మందు ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి మలేరియా ఉన్న ఊళ్లో పెద్దవాళ్లకు కొంత రోగనిరోధక శక్తి ఉంటుంది. మందు సగమే పనిచేసినా మిగతా సగం పని వాళ్ల ఒళ్లే చేసుకుంటుంది. అదే మందు మూడేళ్ల పిల్లకు ఇస్తే తగ్గకపోవచ్చు. ఇంకోవైపు, మందు మంచిదే అయినా రోగి వాంతి చేసుకోవచ్చు, రెండు రోజులు మింగి మూడో రోజు మానేయవచ్చు, మాత్రలో ఉండాల్సినంత మందు లేకపోవచ్చు. వీటన్నిటినీ పక్కన పెట్టి, ఈ పరాన్నజీవిని ఈ మందు ఎంత మోతాదులో ఆపుతోందన్న ఒక్క సంగతే తేల్చడానికి ల్యాబ్ పరీక్ష కావాలి.

కొత్త మందు కనిపెట్టేటప్పుడు ఈ అవసరం ఇంకా ఎక్కువ. వేల రసాయనాలను మనుషుల మీద ప్రయత్నించలేం కదా.

మలేరియా పరాన్నజీవిని ఒంటి బయట పెంచగలరా?

మలేరియా రకాల్లో ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చే ఫాల్సిపారం రకాన్ని పెంచగలరు. 1976లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సెన్ దీన్ని సాధించారు. అంతకుముందు ఎవరు ప్రయత్నించినా పరాన్నజీవి కొద్ది రోజులు బతికి చచ్చిపోయేది. ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటే అది హాయిగా పెరుగుతుందని వీళ్లు గుర్తించారు. దానికి వాళ్లు వాడిన పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. గాజు జాడీలో కల్చర్ ప్లేట్లు (పరాన్నజీవిని పెంచే పళ్లేలు) పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి, మూత బిగిస్తారు. కొవ్వొత్తి ఆరేసరికి లోపలి గాలి పరాన్నజీవికి నచ్చేలా మారుతుంది. తర్వాత జాడీని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతారు. గ్యాస్ సిలిండర్లు కొనలేని ల్యాబులకు ఇది ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి.

పరాన్నజీవికి ఇల్లూ తిండీ మనిషి ఎర్ర రక్తకణాలే. వాటిని ఆర్‌పీఎంఐ-1640 అనే పోషక ద్రవంలో ఉంచి మనిషి సీరం (రక్తకణాలు తీసేసిన రక్తపు ద్రవం) గానీ, దాని బదులు వాడే ఆల్బుమాక్స్ అనే పొడి గానీ కలుపుతారు. హైపోజాంథిన్, బైకార్బొనేట్ కూడా వేస్తారు. రోజూ పాత ద్రవం తీసి కొత్తది పోయాలి, స్లయిడ్ చేసి చూడాలి, కణాలు పాతబడితే తాజావి కలపాలి. ఆదివారం, సంక్రాంతి అని సెలవు దొరకదు. ఈ పరాన్నజీవి 48 గంటలకోసారి ఒక చక్రం పూర్తి చేసి, కణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చి కొత్త కణాల్లో దూరుతుంది.

ఆ రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? ఎవరి రక్తమైనా పనికొస్తుందా?

అనుమతి తీసుకుని, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అయిన రక్తాన్ని బ్లడ్ బ్యాంకు నుంచి గానీ, ఒప్పుకున్న దాతల నుంచి గానీ తెస్తారు. ఎక్కువగా ఓ పాజిటివ్ వాడతారు. ఓ గ్రూపు కణాల మీద ఏ, బీ యాంటిజెన్లు ఉండవు కాబట్టి ఏ గ్రూపు సీరం కలిపినా కణాలు గడ్డకట్టవు.

మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త కావాలి. ఇక్కడి గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ లక్షణం (హిమోగ్లోబిన్‌లో పుట్టుకతో వచ్చే తేడా), జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం రెండూ ఉన్నాయి. సికిల్ సెల్ లక్షణం ఉన్న కణాల్లో, ముఖ్యంగా ఆక్సిజన్ తక్కువగా ఉన్నప్పుడు, పరాన్నజీవి సరిగ్గా పెరగదు. మన కల్చర్‌లో ఉండేది సరిగ్గా ఆ తక్కువ ఆక్సిజనే. తెలియక అలాంటి రక్తం వాడితే పెరుగుదల తగ్గింది రక్తం వల్ల అయినా, మందు వల్ల తగ్గిందని రాసుకుంటాం. అందుకే దాత రక్తానికి హిమోగ్లోబిన్ పరీక్ష ముందే చేయించాలి. వేరే ఊళ్లో రాసిన ప్రోటోకాల్‌లో ఈ మాట ఉండకపోవచ్చు.

అసలు మందు పరీక్ష ఎలా చేస్తారు?

మొదటి పని పరాన్నజీవులన్నీ ఒకే వయసులో ఉండేలా చూడడం. కల్చర్‌లో చిన్న ఉంగరాల్లాంటి రింగ్ దశవీ ఉంటాయి, ముదిరినవీ ఉంటాయి. 5 శాతం సార్బిటాల్ ద్రావణంలో కాసేపు ఉంచితే ముదిరిన పరాన్నజీవి ఉన్న కణంలోకి సార్బిటాల్ చొరబడి, నీరు లాక్కుని, కణం పగిలిపోతుంది. రింగ్ దశలో ఉన్న కణాలు నిలుస్తాయి. 1979 నుంచి వాడుతున్న ఈ కిటుకు చాలా చౌక, చాలా నమ్మకం.

తర్వాత 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకుంటారు. ఒక వరుసలో మొదటి గుంటలో మందు ఎక్కువగా వేసి, పక్క గుంటలో సగం, దాని పక్కన అందులో సగం, అలా తగ్గించుకుంటూ పోతారు. కొన్ని గుంటల్లో మందు అసలు వేయరు. కొన్నిటిలో పరాన్నజీవి లేని ఉత్త రక్తకణాలే ఉంచుతారు. ఈ రెండూ లేకపోతే వచ్చిన అంకెలకు అర్థం లేదు. పరాన్నజీవి సోకిన కణాలు వందకు అర నుంచి ఒకటి, మొత్తం ద్రవంలో రక్తకణాలు 2 శాతం దాకా ఉండేలా కలిపి, 37 డిగ్రీల్లో సాధారణంగా 72 గంటలు ఉంచుతారు.

మందు నీటిలో కరగకపోతే డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగిస్తారు. ఆ డీఎంఎస్‌ఓ కూడా ఎక్కువైతే పరాన్నజీవిని చంపుతుంది కాబట్టి చివరికి గుంటలో అర శాతం దాటకుండా చూడాలి. మందు లేని గుంటల్లో కూడా అంతే డీఎంఎస్‌ఓ కలపాలి. విద్యార్థుల థీసిస్‌లలో ఎక్కువ పొరపాట్లు కనిపించేది ఈ చిన్న విషయంలోనే.

72 గంటల తర్వాత పెరిగాయో చచ్చాయో ఎలా కొలుస్తారు?

పాత పద్ధతి మైక్రోస్కోప్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊళ్లలో వాడించిన మైక్రోటెస్ట్ 1978లో రీక్‌మన్ బృందం చేసిన పనితో మొదలైంది. వేలిచుక్క రక్తాన్ని మందు పూసిన గుంటల్లో 24 నుంచి 30 గంటలు ఉంచి, ఎన్ని రింగులు ముదిరి షైజాంట్లు (పిల్లలుగా విడిపోయే దశ) అయ్యాయో లెక్కపెడతారు. యంత్రం అక్కర్లేదు కానీ కళ్లు పోతాయి, ఇద్దరు చూస్తే రెండు లెక్కలు వస్తాయి.

1979లో డెజార్డిన్స్ బృందం రేడియోధార్మిక హైపోజాంథిన్ వాడే పద్ధతి తెచ్చింది. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తయారీకి పరాన్నజీవి దాన్ని పీల్చుకుంటుంది. ఎంత పీల్చిందో కొలిస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఏళ్ల తరబడి ప్రమాణంగా నిలిచింది ఇదే. అయితే రేడియోధార్మిక పదార్థం కొనడానికీ, వ్యర్థాన్ని పారేయడానికీ లైసెన్సులు కావాలి. చిన్న ఊరి కాలేజీకి అది అయ్యే పని కాదు.

ఇప్పుడు చాలా ల్యాబుల్లో కనిపించేది 2004లో వచ్చిన సైబర్ గ్రీన్ పద్ధతి. మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు కాబట్టి డీఎన్‌ఏ కూడా ఉండదు. గుంటలో డీఎన్‌ఏ కనిపించిందంటే అది పరాన్నజీవిదే. సైబర్ గ్రీన్ అనే రంగు డీఎన్‌ఏకు అతుక్కుని వెలుగుతుంది, ఎంత వెలుగైతే అన్ని పరాన్నజీవులు. చౌక, తేలిక. కానీ తెల్ల రక్తకణాల్లో డీఎన్‌ఏ దండిగా ఉంటుంది. రోగి నుంచి నేరుగా తెచ్చిన రక్తంలో వాటిని వడకట్టకపోతే లెక్కంతా తప్పుతుంది. కొన్ని మొక్కల కషాయాలకు సొంతంగా వెలిగే గుణం ఉంటుంది, అది ఇంకో చిక్కు.

మిగిలిన రెండు పద్ధతులు పరాన్నజీవి తయారుచేసే ప్రోటీన్లను కొలుస్తాయి. ఒకటి 1990లలో వచ్చిన లాక్టేట్ డీహైడ్రోజినేస్ ఎంజైమ్ పరీక్ష. రెండోది ఫాల్సిపారం విడుదల చేసే హెచ్‌ఆర్‌పీ-2 ప్రోటీన్‌ను ఎలైసాతో (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను పట్టే పరీక్ష) కొలిచేది, ఇది 2002లో వచ్చింది.

ఏది మంచిదని అడిగితే, మన ప్రాంతపు కాలేజీకి సైబర్ గ్రీన్ అంటాను. దానితోపాటు ప్రతి ప్లేటు నుంచి కొన్ని గుంటలకు స్లయిడ్ చేసి కంటితో చూడాలి. యంత్రం అంకె ఇస్తుంది, పరాన్నజీవి ఎలా ఉందో చెప్పదు. కుంచించుకుపోయి నల్లచుక్కలా ఉన్న పరాన్నజీవి డీఎన్‌ఏ కూడా కాస్త వెలుగుతుంది.

ఐసీ-50 అంటే ఏమిటి? తక్కువ ఉంటే మంచిదా?

మందు లేని గుంటలో పెరుగుదలను 100 అనుకుంటే, దాన్ని 50కి తగ్గించే మందు గాఢత ఐసీ-50. అది ఎంత తక్కువైతే మందుకు అంత బలం. క్లోరోక్విన్ అనే పాత మలేరియా మందుకు లొంగే 3డీ7 అనే ప్రామాణిక రకం మీద ఆ మందు ఐసీ-50 సుమారు 10 నుంచి 20 నానోమోలార్ (గాఢతకు చాలా చిన్న కొలమానం) ఉంటుంది. 100 దాటితే ఆ పరాన్నజీవిని రెసిస్టెంట్‌గా, అంటే మందుకు లొంగనిదిగా, లెక్కించడం వాడుక. డీడీ2, డబ్ల్యూ2 రకాలు అలాంటివే. కొత్త మందును 3డీ7 మీదా, ఇలాంటి ఒక మొండి రకం మీదా రెండిటి మీదా పరీక్షించాలి. లొంగే రకం మీదే చూపించి ఊరుకుంటే సగం పనే.

ఐసీ-50ను చావుకు కొలతగా తీసుకోకండి. అది పెరుగుదల ఆగడానికి కొలత. ఆగిన పరాన్నజీవి మందు పోయాక మళ్లీ లేవవచ్చు. ఎంత వేగంగా చస్తున్నాయో తెలియాలంటే మందులో ఉంచి, కడిగి, మళ్లీ పెరుగుతాయేమో వారాలపాటు చూసే వేరే పరీక్ష ఉంది.

ఈ వేగం ఎంత ముఖ్యమో చిన్న లెక్కలో చూడండి. ఐదు లీటర్ల రక్తమున్న మనిషికి మైక్రోలీటరుకు 2,000 పరాన్నజీవులు ఉంటే మొత్తం 1,000 కోట్లు. మందుకు లొంగే పరాన్నజీవుల్ని ఫాల్సిపారానికి ఇచ్చే ఆర్టెమిసినిన్ మందులు ఒక్కో 48 గంటల చక్రంలో పదివేల రెట్ల దాకా తగ్గించగలవు. మూడు రోజుల మాత్రలు రెండు చక్రాలను తాకుతాయి. అంటే 1,000 కోట్లు మొదట పది లక్షలకు, తర్వాత ఓ వందకు దిగుతాయి. ఆ వందను తుడిచిపెట్టేది ఆర్టెమిసినిన్‌తో కలిపి ఇచ్చే, ఒంట్లో ఎక్కువ రోజులు నిలిచే జోడీ మందు. మూడో రోజు మాత్ర మానేసిన మనిషికి మళ్లీ ఎందుకు తిరగబెడుతుందో ఈ లెక్కలోనే ఉంది.

మందు పూర్తిగా వాడాం. అయినా ఆశా కార్యకర్త కిట్‌లో గీత వస్తోంది. మందు పనిచేయనట్టేనా?

కాదు. ఈ ప్రశ్నకు కంగారు పడేవాళ్లు చాలామంది, వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కిట్‌లో ఫాల్సిపారం గీత పట్టుకునేది పైన చెప్పిన హెచ్‌ఆర్‌పీ-2 ప్రోటీన్‌నే. పరాన్నజీవి చచ్చిపోయాక కూడా అది రక్తంలో కొన్ని వారాలు తిరుగుతుంది. మందు పనిచేసిందా లేదా తేల్చడానికి స్లయిడ్ చూడాలి. దళసరి పూతలో 200 తెల్ల కణాలు లెక్కపెట్టేసరికి 50 పరాన్నజీవులు కనిపిస్తే, మైక్రోలీటరుకు 8,000 తెల్ల కణాలుంటాయన్న అంచనాతో 2,000 పరాన్నజీవులని వస్తుంది. ఆ అంకె మొదటి రోజుకూ మూడో రోజుకూ ఎంత పడిపోయిందన్నదే చూడాలి. మన పీహెచ్‌సీల్లో జేఎస్‌బీ అనే రంగు వేసి చేసే స్లయిడ్ ఇందుకు బాగా పనికొస్తుంది.

కిట్ రెసిస్టెన్స్ పరీక్ష కాదు. స్లయిడ్ కూడా ఒక్కరోజుది అయితే కాదు.

ఒకే మందుకు రెండు ల్యాబుల్లో రెండు ఫలితాలు ఎందుకొస్తాయి?

చాలాసార్లు తప్పు మందులో ఉండదు, పరీక్ష పెట్టిన తీరులో ఉంటుంది. సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్‌ను తీసుకోండి. ఫాల్సిపారానికి మన దేశంలో ఆర్టెసునేట్‌తో (ఒక ఆర్టెమిసినిన్ మందు) జోడీగా ఇచ్చిన మందు ఇదే. ఇది పరాన్నజీవి ఫోలేట్ తయారీని ఆపుతుంది. మామూలు ఆర్‌పీఎంఐ-1640లో ఫోలిక్ ఆమ్లం, ఫోలేట్ తయారీకి ముడిసరుకైన పాబా ముందే ఉంటాయి. వాటిని తీసుకుని పరాన్నజీవి మందును తప్పించుకుంటుంది, మందు పనిచేయనట్టు కనిపిస్తుంది. ఈ పరీక్షకు ఫోలేట్, పాబా తగ్గించిన ద్రవం ప్రత్యేకంగా కావాలి.

డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్‌ల సంగతి వేరు. అవి పరాన్నజీవిలోని అపికోప్లాస్ట్ అనే భాగాన్ని దెబ్బతీస్తాయి. దెబ్బ తిన్న తరం బాగానే పెరిగినట్టు కనిపిస్తుంది, దాని పిల్లలు చస్తాయి. 48 గంటలకే ప్లేటు తీస్తే మందుకు బలం లేదని రాసేస్తాం. 96 గంటలకో 120 గంటలకో తీస్తే బలం తెలుస్తుంది.

ఇక లివర్‌లో దాక్కున్న మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్. అది లివర్‌లో మారాకే పనిచేస్తుంది. రక్తకణాలు మాత్రమే ఉన్న ప్లేటులో లివర్ ఎక్కడిది? ప్లేటు పరీక్షను మాత్రమే నమ్మి ఉంటే, దశాబ్దాలుగా లక్షల మందిని కాపాడిన ఈ మందును మొదట్లోనే పారేసేవాళ్లం.

ఆర్టెమిసినిన్ రెసిస్టెన్స్ అంటున్నారు. దాన్ని ఐసీ-50తో పట్టుకోవచ్చా?

పట్టుకోలేం. 2008, 2009 నాటికి కంబోడియా పశ్చిమ ప్రాంతంలో రోగుల రక్తం నుంచి పరాన్నజీవి నెమ్మదిగా పోతోందని గమనించారు. ల్యాబ్‌లో ఐసీ-50 చూస్తే మాత్రం పెద్ద తేడా లేదు. ఈ పరాన్నజీవులు పుట్టిన మొదటి గంటల్లో, లేత రింగ్ దశలో, నిద్రపోయినట్టు ఆగి మందు తగ్గాక లేస్తాయి. ఆర్టెమిసినిన్ మందులు రక్తంలో కొద్ది గంటలే ఉంటాయి. 72 గంటలు మందులో నానబెట్టే మామూలు పరీక్షకు ఈ తప్పించుకోవడం కనిపించదు.

అందుకని 2013లో రింగ్ దశ సర్వైవల్ పరీక్ష తయారైంది. పుట్టి మూడు గంటలు దాటని రింగులను 700 నానోమోలార్ డైహైడ్రోఆర్టెమిసినిన్‌లో (ఒక ఆర్టెమిసినిన్ మందు) సరిగ్గా 6 గంటలు ఉంచి, బాగా కడిగేసి, మళ్లీ పెంచి, మూడో రోజుకు ఎన్ని బతికాయో చూస్తారు. మందు తగలని వాటితో పోల్చి ఒక శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ బతికితే రెసిస్టెన్స్ ఉన్నట్టు. నిజంగా జరిగేదాన్ని ప్లేటులో ఇంత దగ్గరగా పట్టుకున్న పరీక్ష ఇంకొకటి నాకు కనిపించలేదు. చేయడం మాత్రం కష్టం. మూడు గంటల వయసు రింగులు కావాలంటే రాత్రీ పగలూ కల్చర్ దగ్గరే కాచుకోవాలి.

ఆ మరుసటి ఏడాదికల్లా ఈ లక్షణానికి కారణమైన కే13 జన్యువు దొరికింది. ఇప్పుడు ముందు జన్యువు చూసి, అనుమానం వచ్చినవాటికే ఈ పరీక్ష చేస్తున్నారు.

మన దేశంలో మందులకు రెసిస్టెన్స్ వచ్చిందా?

క్లోరోక్విన్‌కు వచ్చింది. దేశంలో మొదట 1973లో అస్సాంలోని కర్బి ఆంగ్లాంగ్‌లో గుర్తించారు. తర్వాత చాలాచోట్లకు పాకింది. 2010 నుంచి ఫాల్సిపారానికి దేశమంతా ఆర్టెమిసినిన్ జోడీ మందులు ఇవ్వాలని విధానం తెచ్చారు. ఈశాన్య రాష్ట్రాల్లో జోడీలోని సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ పనితనం తగ్గడంతో 2013లో అక్కడ ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్‌కు మారారు. మలేరియాలో ఇంకో ముఖ్య రకమైన వైవాక్స్‌కు మాత్రం క్లోరోక్విన్ ఇంకా పనిచేస్తోంది.

ఇలాంటి నిర్ణయాలు ప్లేటు ఫలితాలతో తీసుకోరు. రోగులకు మందు దగ్గరుండి మింగించి 28 రోజులు, కొన్ని మందులకు 42 రోజులు, రక్తం చూస్తూ ఉంటారు. మధ్యలో మళ్లీ జ్వరం వస్తే అది పాత పరాన్నజీవో, కొత్త దోమకాటు తెచ్చినదో ఎమ్మెస్పీ-1, ఎమ్మెస్పీ-2 లాంటి జన్యువులు పోల్చి తేలుస్తారు. వందకు పదిమందికి మించి మందు విఫలమైతే మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

వైవాక్స్‌ను కూడా ఇలాగే పరీక్షిస్తారా?

అంత తేలిక కాదు. వైవాక్స్ అప్పుడే పుట్టిన లేత ఎర్ర కణాల్లోకే దూరుతుంది. రక్తంలో అవి నూటికి ఒకటో రెండో ఉంటాయి. అందుకే దాన్ని ఫాల్సిపారంలా నెలల తరబడి పెంచడం ఇప్పటికీ కుదరడం లేదు. రోగి నుంచి రక్తం తీసి, తెల్ల కణాలు వడకట్టి, ఒక్క చక్రంలో రింగులు ముదిరాయా లేదా చూడడమే మార్గం. లివర్‌లో దాక్కుని నెలల తర్వాత లేచే హిప్నోజాయిట్ల మీద మందు చూడాలంటే లివర్ కణాలు, ల్యాబ్‌లో పెంచిన దోమలు, కోతి మలేరియా అయిన సైనోమోల్గి కావాలి. ఆ ల్యాబులు ప్రపంచంలోనే కొన్ని.

మా గూడెంలో జ్వరానికి నేలవేము కషాయం తాగుతారు. అది మలేరియాను చంపుతుందని ల్యాబ్‌లో చూపించవచ్చా?

చూడవచ్చు, చూడాలి కూడా. సవరలు, జాతాపులు తరతరాలుగా వాడే మొక్కలను తేలిగ్గా తీసేయడం నాకు నచ్చదు. క్వినైన్ చెట్టు బెరడు నుంచి వచ్చింది. ఆర్టెమిసినిన్ చైనాలో జ్వరాలకు వాడిన మొక్క నుంచి వచ్చింది. తు యూయూ బృందం మొదట మొక్కను వేడిచేసి తీసిన సారంతో ఎలుకల్లో నిలకడైన ఫలితం రాలేదు. తక్కువ వేడిలో ఈథర్‌తో తీసినప్పుడు, 1971 అక్టోబర్‌లో, 191వ నమూనా ఎలుకల మలేరియాను పూర్తిగా ఆపింది. ఆ పనికి 2015లో నోబెల్ వచ్చింది. మొక్క మారలేదు, సారం తీసిన పద్ధతి మారింది. కాబట్టి నీటి కషాయం ఒక్కటే పరీక్షించి మొక్కకు బలం లేదనకూడదు.

కానీ ప్లేటులో పనిచేసిందని తాగేయనూకూడదు. నేలవేము సారానికీ, అందులోని చేదు పదార్థం ఆండ్రోగ్రఫొలైడ్‌కూ ఫాల్సిపారం మీద కొంత బలం ఉందని ల్యాబుల్లో చూశారు. తాగాక ఆ పదార్థం రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ప్లేటులో ఉన్నంత గాఢత ఒంట్లో రాదు.

ఇంకొక పరీక్ష తప్పనిసరి. అదే సారాన్ని మనిషి కణాల మీద, హెప్‌జీ2 లాంటి లివర్ కణాల మీద కూడా చూడాలి. పరాన్నజీవిని మిల్లీలీటరుకు 8 మైక్రోగ్రాములు ఆపి, మనిషి కణాన్ని 12 మైక్రోగ్రాములు చంపితే తేడా ఒకటిన్నర రెట్లే. అది మందు కాదు, విషం. కనీసం పది రెట్ల తేడా ఉంటేనే ముందుకు వెళ్లాలి. ఉద్దానంలో ఇన్ని కుటుంబాలు కిడ్నీ జబ్బుతో నలిగిపోవడం చూసిన జిల్లా మనది. ఏ కషాయానికైనా లివర్, కిడ్నీల భద్రత చూడకుండా మంచిదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కషాయం తాగుతూనే రక్తపరీక్ష చేయించుకోండి, మలేరియా అని తేలితే మాత్రలు పూర్తిగా వేసుకోండి. ఫాల్సిపారం మెదడుకు ఎక్కడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.

ఎలుకల మీద పరీక్ష ఎందుకు? తప్పదా?

మందు కడుపులోంచి రక్తంలోకి చేరుతుందా, లివర్ దాన్ని ఎంత త్వరగా విరగ్గొడుతుంది అన్నవి ప్లేటు చెప్పలేదు. అందుకు పీటర్స్ నాలుగు రోజుల పరీక్ష వాడతారు. 1948లో కాంగోలో అడవి ఎలుకల్లో దొరికిన బెర్గీ అనే మలేరియా రకాన్ని ఎలుకకు ఎక్కించి, అదే రోజు నుంచి నాలుగు రోజులు మందు ఇచ్చి, తర్వాత తోక చుక్క రక్తంతో స్లయిడ్ చూస్తారు. జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. ప్లేటులో బలం, మనిషి కణాల మీద భద్రత రెండూ రుజువు కాకుండా ఎలుకల దాకా పోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇలాంటి ల్యాబ్ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పెట్టగలమా?

పెట్టగలం. బయోసేఫ్టీ రెండో స్థాయి గది, శుభ్రమైన గాలి వీచే లామినార్ ఫ్లో బల్ల, ఇంక్యుబేటర్, మంచి మైక్రోస్కోప్, ప్లేటు రీడర్ ఉంటే మొదలుపెట్టవచ్చు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది, జబ్బు మన గుమ్మంలోనే ఉంది. ప్రతి శాంపిల్ ఢిల్లీ జాతీయ మలేరియా పరిశోధన సంస్థకో, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐకో వెళ్లాల్సిన పని లేదు. ఆల్ఫా-బీటా ఆర్టీథర్ అనే మలేరియా ఇంజెక్షన్‌ను తయారుచేసిన సీడీఆర్‌ఐ లాంటి చోట్ల శిక్షణ తీసుకుని వచ్చినవాళ్లు ఇద్దరుంటే చాలు.

పెద్ద అడ్డంకి కరెంటు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఇంక్యుబేటర్ ఆగితే కల్చర్ ఉండదు. జనరేటర్‌తోపాటు ప్రతి రకం పరాన్నజీవినీ గ్లిసరాల్ కలిపి లిక్విడ్ నైట్రోజన్‌లో దాచి ఉంచాలి. అప్పుడు ప్లేట్లు పోయినా రకం పోదు.

డబ్బు లేని కాలేజీ పరాన్నజీవి లేకుండానే మొదలుపెట్టవచ్చు. పరాన్నజీవి హిమోగ్లోబిన్ తిన్నాక మిగిలే విషపు హీమ్‌ను స్ఫటికంగా మార్చి దాచుకుంటుంది. క్లోరోక్విన్ ఆ స్ఫటికం కట్టకుండా ఆపుతుంది. హెమిన్, అసిటేట్ బఫర్‌తో ఇదే చర్యను టెస్ట్‌ట్యూబులో చేసి, ఏ సారం స్ఫటికాన్ని ఆపుతుందో చూడవచ్చు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చక్కటి పని. దాని ఫలితాన్ని మాత్రం మలేరియా మందు దొరికిందని పేపర్లకు చెప్పకండి.

ల్యాబ్‌లో పెంచే పరాన్నజీవి బయటికొస్తే ఊళ్లో మలేరియా వ్యాపిస్తుందా?

గాలిలో వ్యాపించదు. సూది గుచ్చుకుంటే మాత్రం పనిచేసేవాళ్లకు సోకవచ్చు. అందుకే పదునైనవి దూరంగా పెడతారు, జ్వరం వస్తే వెంటనే పరీక్ష చేస్తారు.

మా పీహెచ్‌సీ నుంచి శాంపిల్ పంపాలంటే ఎలా పంపాలి?

ఏ పరీక్షకో ముందు అడిగి తెలుసుకోండి. జన్యు పరీక్షకు వేలిచుక్క రక్తం మూడు నాలుగు బొట్లు ఫిల్టర్ పేపర్ మీద వేసి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో జిప్ కవరులో పెడితే చాలు. సాధారణ వాతావరణంలోనే బస్సులో పంపవచ్చు. వానాకాలంలో కొండ మీద పేపర్ ఆరడానికి గంటలు పడుతుంది, తొందరపడి కవరులో పెడితే బూజు పడుతుంది.

ప్లేటు పరీక్షకు బతికున్న పరాన్నజీవి కావాలి. మందు మొదటి మాత్ర మింగకముందే, రోగి గానీ పిల్లలైతే తల్లిదండ్రులు గానీ ఒప్పుకున్నాకే, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ లాంటి మందు ఉన్న ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీయాలి. ఐస్‌కు నేరుగా తగలకుండా చల్లటి పెట్టెలో పెట్టి, ఎంత త్వరగా అయితే అంత త్వరగా, ఒక రోజు దాటకుండా ల్యాబ్‌కు చేర్చాలి. ట్యూబు మీద తేదీ, రక్తం తీసిన సమయం, వయసు, గత నెలలో ఏ మందులు వాడారో రాయండి. శాంపిల్ కోసమని రోగికి మందు ఆలస్యం చేయకండి. రక్తం తీసిన వెంటనే మొదటి మాత్ర మీ కళ్ల ముందే మింగించండి.